ఎంతమందిలో ఎంతమందికి?

చిరంజీవి స్రవంతికి,

మందు గురించి నువ్వు పంపిన వార్త చదివాను. భాష బాగుంది, ఎక్కడా తడబాటు లేదు. కానీ 'గుండెపోటు ముప్పు సగానికి తగ్గింది' అన్న హెడ్డింగ్ దగ్గరే ఆగిపోయాను. ఎంతమందికి వచ్చేది ఎంతమందికి తగ్గింది? రెండుసార్లు వెతికినా కనపడలేదు. కంపెనీ ప్రెస్ నోట్‌లో లేదు కాబట్టి నువ్వూ రాయలేదు, అంతే కదా?

లిపిటార్ అనే కొలెస్టరాల్ మందుకు అమెరికాలో '36 శాతం ముప్పు తగ్గుతుంది' అని పెద్ద అక్షరాలతో ప్రకటనలు వేశారు. అడుగున చిన్న అక్షరాల్లో అసలు లెక్క ఉంది. డమ్మీ మాత్ర (మందు లేని ఉత్త మాత్ర) మింగినవాళ్లలో నూటికి ముగ్గురికి గుండెపోటు వస్తే, ఈ మందు వాడినవాళ్లలో ఇద్దరికి వచ్చింది. రెండూ నిజాలే. మందుల షాపు ముందు నిలబడి పర్సు తడుముకునే మనిషికి మాత్రం ఆ చిన్న అక్షరాలే కావాలి.

దీనికన్నా బాధాకరమైనది వయాక్స్ సంగతి. మెర్క్ కంపెనీ కీళ్ల నొప్పుల మాత్ర అది. 8,076 మంది మీద చేసిన వైగర్ అనే ట్రయల్ (మందుల పరీక్ష) ఫలితాలు 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. పోటీకి పెట్టింది నాప్రాక్సెన్ అనే పాత మందుని. వయాక్స్‌తో కడుపులో పుండ్లు తగ్గిన మాట నిజమే. కానీ గుండెపోట్లు నాప్రాక్సెన్ వాళ్లలో 4, వయాక్స్ వాళ్లలో 17. కొత్త మందు గుండెకు చేటు చేస్తోందేమో అనాల్సిన చోట, పాత మందే గుండెను కాపాడుతోందేమో అన్నట్టు రాశారు! పైగా గుండె సమస్యల లెక్కను కడుపు సమస్యల లెక్కకన్నా సుమారు నెల ముందే ఆపేశారు. ఆ తేదీ తర్వాత వయాక్స్ వాళ్లలో వచ్చిన మరో 3 గుండెపోట్లు వ్యాసంలోకి ఎక్కనే లేదు. ఆ ముగ్గురూ మనుషులే కదమ్మా! 2004 సెప్టెంబరులో, ఇంకో ట్రయల్‌లోనూ గుండె ముప్పు బయటపడ్డాక, మందును మార్కెట్ నుంచి తీసేశారు. వైగర్ వ్యాసం మీద ఆ జర్నల్ సంపాదకులు ఆందోళన ప్రకటించింది 2005 డిసెంబరులో.

అందుకే ట్రయల్ వార్త రాసే ముందు, ట్రయల్స్ వివరాలు నమోదయ్యే రిజిస్ట్రీ తెరిచి చూడు. మన దేశంలో 2009 జూన్ నుంచి ట్రయల్స్‌ని సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయడం తప్పనిసరి. మొదట ఏం కొలుస్తామన్నారు, చివరికి దేన్ని గొప్పగా చెప్తున్నారు, ఎన్నాళ్లు చూశారు, మధ్యలో మానేసినవాళ్లు ఎందరు? ఈ పనికి ఒక పూట పడుతుంది. పట్టనీ.

నేను కొత్తలో ఒక నొప్పి మందు గురించి ప్రెస్ నోట్‌ని ఉన్నదున్నట్టు దించేశాను. నాలుగు రోజులకి మా వీధి చివరి పెద్దావిడ ఆ కటింగ్ మడిచి పట్టుకుని వచ్చి, "బాబూ, ఇది ఏ షాపులో దొరుకుతుంది?" అని అడిగింది. మడత దగ్గర కాగితం అప్పటికే చిరిగిపోయింది. ఆ మందు ఎంతమంది మీద పరీక్షించారో కూడా నాకు తెలియదు. ఆవిడకేం చెప్పను?

ఈ రాత్రికే కంపెనీకి మెయిల్ పెట్టు. రెండు గుంపుల్లో ఎందరున్నారో, ఎందరికి గుండెపోటు వచ్చిందో అడుగు. రేపు సాయంత్రం దాకా చూడు. జవాబు రాకపోతే, అడిగినా చెప్పలేదని వార్త రెండో పేరాలోనే రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు