రక్షణ రంగంపై పట్టున్న ఎంపీ కావాలంటే

ప్రశ్న: మాది సైనిక్‌పురి. మా అబ్బాయి బీఏ పొలిటికల్ సైన్స్ రెండో ఏడాది. సైన్యంలో చేరరా అంటే వద్దంటాడు. ఎంపీనై రక్షణ వ్యవహారాలు చూస్తానంటాడు. దీనికేదైనా కోర్సు ఉందా సార్? - ఒక తల్లి

జవాబు: కోర్సు లేదమ్మా, నోటిఫికేషనూ రాదు. లోక్‌సభకు 25 ఏళ్లు, రాజ్యసభకు 30 నిండితే చాలు, చదువుతో పనిలేదు. టికెట్ పార్టీ చేతిలో, గెలుపు ఓటరు చేతిలో. ఆ ఓటరు క్షిపణుల గురించి అడగడు, నల్లా నీళ్ల గురించే నిలదీస్తాడు. కంటోన్మెంట్ వైపు కాస్త నయం. మిలిటరీవాళ్లు మూసే రోడ్లు, మాజీ సైనికుల పింఛన్లు అక్కడ ఎన్నికల ముచ్చట్లే.

మీవాడు చేస్తానంటున్న పని ఎక్కువగా జరిగేది పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘంలో (స్టాండింగ్ కమిటీ). లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. మంత్రులకు చోటు లేదు. బడ్జెట్ వచ్చాక రక్షణ శాఖ పద్దులు ముందేసుకుని అధికారులను పిలిచి ప్రశ్నిస్తారు, సిఫార్సులు చేస్తారు. వాటిపై ప్రభుత్వం ఏం చేసిందో చెబుతూ తర్వాత మరో నివేదిక వస్తుంది. రెండూ పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉచితం. పక్కపక్కన పెట్టుకుని, దేనికి ఒప్పుకున్నారో, దేన్ని ‘పరిశీలనలో ఉంది’ అని దాటేశారో చూడమనండి. నాలుగు పేజీలకే ఆవలింతలొస్తే ఈ దారి వద్దు. యుద్ధవిమానాల వీడియోలు చూసి ముచ్చటపడటం వేరు.

యూనిఫాం వేసుకునే రావాలనేం లేదు. ఉత్తమ్‌కుమార్ రెడ్డి వైమానిక దళ పైలట్‌గా చేసి వచ్చారు, 2019లో నల్గొండ ఎంపీ అయ్యారు. కానీ కాకినాడ మాజీ ఎంపీ పళ్లంరాజు ఇంజినీరు. ఆయనే 2006 నుంచి 2012 దాకా రక్షణ శాఖ సహాయ మంత్రి. అయితే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ల్యాబులో ఉద్యోగం చేస్తూ పోటీ చేయడం కుదరదు, రాజీనామా చేయాల్సిందే.

డిగ్రీ కాగానే లా ప్రవేశ పరీక్ష టీజీ లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరమనండి. ఓడిపోతే ఐదేళ్లు ఇల్లు గడవాలి కదా, నల్లకోటు అందుకే. చట్టసభల పనిపై పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ ఇచ్చే ల్యాంప్ ఫెలోషిప్‌లో ఎంపీ దగ్గర పరిశోధన సహాయకుడిగా పనిచేయొచ్చు. 25 దాటితే తీసుకోరు, లా అయ్యాకైనా మీవాడికి టైముంటుంది.

ఈ సెలవుల్లో మాత్రం పక్క కాలనీలో, రక్షణ శాఖ పింఛన్ల స్పర్శ్ పోర్టల్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఎక్కక పింఛను ఆగిన ఏ హవల్దారు భార్య పనైనా ఒక్కటి పూర్తిచేసి పెట్టమనండి.