కుంగిన పార్కింగ్ గచ్చును ఫోమ్‌తో లేపొచ్చా?

ప్రశ్న: గేటు లోపల కారు పెట్టే చోట కాంక్రీటు ఒక మూల రెండు అంగుళాలు కుంగింది. వానొస్తే నీళ్లన్నీ ఇంటి గోడకే వస్తున్నాయి. మేస్త్రీ పగలగొట్టి మళ్లీ పోయాలంటున్నాడు, మా తమ్ముడేమో ఫోమ్ కొట్టిస్తే గంటలో లేస్తుందని వీడియో చూపించాడు. ఏది నమ్మాలి?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: లేస్తుందండీ, వీడియోలో మోసమేం లేదు. గచ్చుకు 16 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, రెండు రసాయనాలను గన్‌లోనే కలిపి కిందికి పంపిస్తారు. అది పొంగి పాలియురేతేన్ ఫోమ్‌గా మారి, ముందు ఖాళీని నింపి తర్వాత గచ్చును పైకి నెడుతుంది, పావుగంటలో గట్టిపడుతుంది. బరువు కూడా దాదాపు లేనట్టే కాబట్టి కింది మట్టి మీద భారం పడదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే స్ప్రే ఫోమ్ డబ్బా మాత్రం ఇది కాదు, తమ్ముడు ఉత్సాహపడి తెస్తే వాపస్ ఇప్పించండి.

అసలు అది ఎందుకు కుంగిందో చూశారా? డాబా మీది వాన పైపు ఆ మూలనే దిగుతోందా? సంపు దగ్గరుంటే రాత్రి నింపి, మోటారూ నల్లా బంద్ చేసి, నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టండి. తెల్లారేసరికి గీత కింద రెండు వేళ్లు తగ్గితే దొంగ దొరికినట్టే. నీళ్లు మట్టిని కోసుకుపోతుంటే ఫోమ్ పక్కన మళ్లీ గుంత పడుతుంది. మన వైపు ఒక కాలనీలో చెలక నేల, పక్క కాలనీలో రేగడి. రేగడైతే వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, దాన్ని ఫోమ్ ఆపలేదు.

ఆ తర్వాత ఒక సుత్తితో గచ్చు మీద మెల్లగా అక్కడక్కడా కొట్టి వినండి, డొల్ల శబ్దం వస్తే కింద ఖాళీ ఉన్నట్టు. పలక ఒక్క ముక్కగా ఉంటేనే ఫోమ్‌కు పనికొస్తుంది, నాలుగు పెంకులైపోతే డబ్బులు దండగ. కింద డ్రైనేజీ పైపు పగిలి ఉంటే ఫోమ్ అందులోకి దూరి మూసేస్తుంది కూడా. ఎక్కువ లేచిందనుకోండి, కిందికి దించే మార్గం లేదు.

ఒక్క కారు జాగాకి మిషన్, మనుషులు దూరం నుంచి రావాల్సి వస్తే నా ఓటు మేస్త్రీకే. కాకపోతే పాత మట్టి మీదే పోయనివ్వకండి. మొరం ఆరు అంగుళాల పొరలుగా వేయించి, తడిపి దిమ్మిస కొట్టించాకే నాలుగంగుళాల కాంక్రీటు, వాలు గేటు వైపుకి. కనీసం వారం రోజులు తడపండి, అప్పటిదాకా కారు బయటే.