అమిగా 500కి యాక్సిలరేటర్ కట్టబోయే అల్లుడికి

ఒంగోలు

చి. అల్లుడికి ఆశీస్సులు.

కావలిలో నీ దగ్గరున్న పాత కమోడోర్ కంప్యూటర్ అమిగా 500కి చేత్తో యాక్సిలరేటర్ (వేగం పెంచే బోర్డు) కడతానన్నావు. కట్టు. కానీ ప్రాసెసర్‌ని 7.09 నుంచి 14.18 మెగాహెర్ట్జ్‌కి లేపితే పని అయిపోయిందనుకోబాకు. చిప్ ర్యామ్ (బొమ్మ, శబ్దం చిప్పులతో పంచుకునే మెమరీ) జోలికి పోయినప్పుడల్లా అది మదర్‌బోర్డు నడకకి ఆగాల్సిందే. వేగం కంటికి కనపడాలంటే నీ బోర్డు మీద సొంత ర్యామ్ ఉండాలి. ముందే దానికి చోటు వదిలి గీసుకో.

కావాల్సినవి: 16 మెగాహెర్ట్జ్ రేటింగున్న 68హెచ్‌సీ000 ప్రాసెసర్ ఒకటి, 5 వోల్టుల ఏటీఎఫ్1504ఏఎస్ ఒకటి (లాజిక్ మనమే రాసి నింపే చిప్; నాలుగు వైపులా కాళ్లుండే 44 కాళ్ల పీఎల్‌సీసీ, సాకెట్‌తో), 74ఎఫ్86 ఎక్స్ఓఆర్ గేట్ల చిప్ ఒకటి, 55 నానోసెకన్ల ఏఎస్6సీ4008 ర్యామ్‌లు రెండు. సాకెట్లు, వైర్లు చెన్నై రిచీ స్ట్రీట్‌లో తెచ్చుకో. ప్రాసెసర్ మీద అక్షరాలను అసిటోన్ అద్దిన దూదితో రుద్ది చూడు. చెరిగితే పైన రుద్ది మళ్లీ అచ్చేసిన నకిలీ. వాడి తీసిన ఏటీఎఫ్ చిప్పుల్లో కొన్నిటికి జేట్యాగ్ (ప్రోగ్రాం ఎక్కించే దారి) ఆపేసి ఉంటది. ఓఈ1 కాలికి 12 వోల్టులిచ్చి చెరిపేదాకా ప్రోగ్రామర్ వాటిని గుర్తుపట్టదు. కొత్తదే కొను.

మదర్‌బోర్డు సాకెట్‌లో దిగే కాళ్లు గుండ్రటి మెషీన్డ్ పిన్నులే కావాలి. చదరపు హెడర్ పిన్నులు గుచ్చితే సాకెట్ రేకులు విచ్చుకుంటాయి, తర్వాత అసలు ప్రాసెసర్ పెట్టినా పట్టు ఉండదు. రెండు వరుసల మధ్య 0.9 అంగుళం, అంటే పెర్ఫ్‌బోర్డులో తొమ్మిది రంధ్రాల దూరం.

గడియారానికి వేరే ఆసిలేటర్ పెట్టబాకు. 7ఎం (మదర్‌బోర్డు 7.09 గడియారం), సీడాక్ (దానికి పావు చక్రం తేడాతో నడిచే ఇంకో గడియారం) రెండింటినీ 74ఎఫ్86తో ఎక్స్ఓఆర్ చేస్తే (రెండూ వేరుగా ఉన్నప్పుడే 1 ఇస్తే) మదర్‌బోర్డుతో అడుగు కలిసిన 14.18 వస్తది. సీడాక్ ప్రాసెసర్ సాకెట్‌లో దొరకదు, పక్కనున్న ఎక్స్‌పాన్షన్ కనెక్టర్ నుంచి తీసుకో. ఆ వైరు పొట్టిగా ఉండాలి, 33 ఓంల రెసిస్టర్ వరసలో పెట్టు.

ప్రాసెసర్ మిగతా కాళ్లు నేరుగా కిందికి, అంటే మదర్‌బోర్డుకి, పోతాయి. 6 (ఏఎస్, చిరునామా సిద్ధమనే సంకేతం), 10 (డీట్యాక్, డేటా సిద్ధమనే జవాబు), 15 (క్లాక్), 19 (వీఎంఏ, వీపీఏకి ప్రాసెసర్ జవాబు), 20 (ఈ అనగా E, నిదానపు చిప్పుల గడియారం), 21 (వీపీఏ, నిదానపు చిప్పుతో పని అనే సంకేతం) మాత్రం తెంపాలి. క్లాక్ 74ఎఫ్86 నుంచి వస్తది, తక్కిన అయిదూ ఏటీఎఫ్ గుండా పోవాలి. ఏఎస్‌ని 7ఎం పైకి లేచే అంచున కిందికి పంపు. డీట్యాక్‌ను వచ్చింది వచ్చినట్టు పైకి, ప్రాసెసర్‌కి, ఇవ్వబాకు. దాన్ని చూశాక డేటా పట్టుకోడానికి 7లో 141 నానోసెకన్లు ఉండేది, 14లో 70 మాత్రమే. డేటా కుదురుకోకముందే చదివేస్తది. ఒక క్లాక్ ఆలస్యం చెయ్యి.

ఎక్కువ మంది తడబడేది ‘ఈ’ (E) క్లాక్ దగ్గర. 68000 తన గడియారాన్ని పదితో భాగించి ‘ఈ’ని తీస్తది. 14లో అది 1.4 మెగాహెర్ట్జ్ అయి సీఐఏ చిప్పుల టైమర్లు, కీబోర్డు, ఫ్లాపీ అన్నీ గాడి తప్పుతాయి. అందుకని 7ఎం మీద పది లెక్కపెట్టి, ఆరు కింద, నాలుగు పైన ఉండేట్టు ఏటీఎఫ్‌లోనే తయారుచెయ్యి. వీఎంఏ కూడా అక్కడే. పని ముగిశాక ప్రాసెసర్‌కి డీట్యాక్‌తో జవాబివ్వు. ఎఫ్‌సీ (ప్రాసెసర్ ఏ రకం పనిలో ఉందో చెప్పేవి) మూడు గీతలూ 1గా ఉన్నప్పుడు మాత్రం వీపీఏని పైకి వదులు, లేకపోతే ఇంటరప్టులు ఆగిపోతాయి.

ర్యామ్‌కి ఏ23-ఏ20 అడ్రస్ గీతలు 0010 చూడు. హెక్స్‌లో 200000 నుంచి ఒక మెగాబైటు. యూడీఎస్ గీత పై బైటుకి, ఎల్‌డీఎస్ గీత కింది బైటుకి. ఆ చిరునామా వచ్చినప్పుడు కిందికి ఏఎస్ పోకూడదు. ఆటోకాన్ఫిగ్ (బోర్డును అమిగా తానే గుర్తించే పద్ధతి) తర్వాత చూసుకుందాం, ముందు ఆడ్‌మెమ్ ఆదేశంతో ర్యామ్ కలుపుకో.

ప్రతి చిప్ పక్కన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. మీది సముద్రపు గాలి, ఫ్లక్స్ మిగిలితే తేమ పట్టి కాళ్లు పచ్చబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడుగు.

మొదట 15వ కాలికి 7ఎం ఇచ్చి, డీట్యాక్ ఆలస్యం లేకుండా నడిపి చూడు. తెర ఎరుపైతే రోమ్ చెక్‌సమ్ (రోమ్ సరిగ్గా చదివిందా అని చూసే మొత్తం) తప్పు, అంటే డేటా లేదా అడ్రస్ గీత ఎక్కడో కలవలేదు. ఆకుపచ్చైతే చిప్ ర్యామ్ సంగతి చూడు. అది కుదిరాక 14కి మార్చు. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం వేలాడే బోర్డులుంటాయి, వేడికి సీమాస్ రకం చిప్పులు నెమ్మదిస్తాయి. రోహిణి కార్తెలో మూత బిగించి మూడు గంటలు నడిపితే గానీ నమ్మబాకు. 14 (5 వోల్టులు), 16 (గ్రౌండ్) కాళ్ల మధ్య 4.75 వోల్టులకి తగ్గితే ముందు పాత పవర్ సప్లైని అనుమానించు.

ఆ వోల్టేజీ, 20వ కాలి మీద ఫ్రీక్వెన్సీ రాసి పంపు.

మీ మామ