ఒకే శనగ రకం వేసినా రెండు చేలలో దిగుబడి ఎందుకు తేడాగా వస్తుంది?

గుంటూరు దగ్గర నల్లరేగడిలో మీరూ, పక్క రైతూ జేజీ 11 శనగే వేశారు. ఎరువులు మాత్రం వేరు. దిగుబడిలో తేడా విత్తనానిదా, ఎరువుదా అన్నది మీ ప్రశ్న.

విత్తనంలో కల్తీ లేకపోతే తేడా ఎరువుది, నేలలో తేమది, సాగు పద్ధతిది. శనగ పువ్వు విచ్చకముందే అందులో పరాగసంపర్కం జరిగిపోతుంది. అందుకే ఒక రకంలో మొక్కలన్నీ జన్యుపరంగా దాదాపు ఒకటే. అసలైన జన్యు వైవిధ్యం రకాల మధ్య ఉంటుంది. జేజీ 11 గింజ పక్కన కాబూలీ శనగ గింజ పెట్టి చూడండి, తెలుస్తుంది. నంద్యాలలో రూపొందించిన ఎన్‌బీఈజీ 47 శనగ రకం ఎత్తుగా, నిటారుగా పెరుగుతుంది కాబట్టే మిషన్ కోతకు పనికొస్తుంది.

అన్ని లక్షణాలూ ఎరువుకు ఒకేలా స్పందించవు. వంద గింజల బరువు చాలావరకు జన్యువుల చేతిలోనే ఉంటుంది, ఎరువుతో పెద్దగా మారదు. కొమ్మలు, మొక్కకు కాసే కాయలు అలా కాదు. భాస్వరం అందితే, తేమ నిలిస్తే పెరుగుతాయి. దిగుబడిని ఎక్కువగా నడిపించేది ఆ కాయల సంఖ్యే. కాబట్టి రెండు చేలలో పది పది మొక్కలు పీకి కాయలు లెక్కపెట్టండి.

వేర్ల బుడిపెలు కూడా చూడండి. కోస్తే లోపల గులాబీ రంగు ఉంటే, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బ్యాక్టీరియా పనిచేస్తున్నట్టే. యూరియా ఎక్కువైతే బుడిపెలు తగ్గుతాయి. ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం చాలు. ఒక 50 కిలోల డీఏపీ బస్తాలోనే 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉన్నాయి. రెండో బస్తాకు అప్పు చేసే రైతుల్ని చూస్తే నిజంగా బాధేస్తుంది.