సమాధానం: 3 కిలోవాట్ల సోలార్‌కు బ్యాటరీ గిట్టుబాటవుతుందా?

ఇంటిపై 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు బ్యాటరీతో కలిపి పెట్టిస్తే నాలుగేళ్లలో పెట్టుబడి వెనక్కి వస్తుందని డీలర్ చెప్పాడన్నారు. మీరిచ్చిన అంకెలతో అది కుదరదండీ.

3 కిలోవాట్లకు రోజుకు సగటున 12 యూనిట్లు, వానాకాలం తగ్గుదల కలుపుకుంటే ఏడాదికి సుమారు 4,300 యూనిట్లు. మీ కొటేషన్ 2 లక్షల్లో కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 పోతే చేతినుంచి పడేది 1,22,000. యూనిట్‌కు 6 రూపాయలు మిగిలితే ఏడాదికి 25,800. అంటే ఐదేళ్లకు కాస్త తక్కువ. ఆ 6 రూపాయలు మాత్రం గుడ్డిగా నమ్మకండి: పాత బిల్లు తీసి, సోలార్ తగ్గించే యూనిట్లు ఏ స్లాబులో ఉన్నాయో చూడండి. ఫిక్స్‌డ్ ఛార్జీలు ఎలాగూ కట్టాల్సిందే.

ఇప్పుడు బ్యాటరీకి, హైబ్రిడ్ ఇన్వర్టర్‌కు (ప్యానెళ్లతో, బ్యాటరీతో, గ్రిడ్‌తో కలిసి పనిచేసేది) అదనంగా 1,60,000 అన్నారు. నెట్ మీటరింగ్ ఉంటే పగలు మిగిలిన కరెంటు గ్రిడ్‌కి వెళ్లి రాత్రి వాడకంలో సర్దుబాటవుతుంది. ఇక బ్యాటరీ కొత్తగా ఆదా చేసేదేమీ లేదు, పైగా ఛార్జింగ్, డిశ్చార్జింగ్‌లో పదో వంతు దాకా పోతుంది. మొత్తం ఖర్చు 2,82,000, ఏటా ఆదా మాత్రం అదే 25,800 కాబట్టి లెక్క దాదాపు 11 ఏళ్లకు సాగుతుంది, బ్యాటరీ ఆయుష్షే అంత ఉండొచ్చు.

కర్బనం విషయమూ అంతే. మన గ్రిడ్ యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున ఏడాదికి 3 టన్నులు తగ్గించేది ప్యానెళ్లే. బ్యాటరీ తయారీ భారం పైన పడుతుంది.

కోతలు ఎక్కువైతే మాటే వేరు, అప్పుడు బ్యాటరీ పనికొస్తుంది. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కరెంటు పోగానే, లైన్‌మెన్ భద్రత కోసం, మిట్టమధ్యాహ్నమైనా ఆగిపోతుంది. రోజుకు గంటలోపు కోతకైతే ఇంట్లో కోతలకు వాడే మీ పాత ఇన్వర్టర్ చాలు. ముందు వాటర్ ట్యాంకు నీడ ప్యానెళ్లపై పడకుండా చూడండి. ఒక్క ప్యానెల్‌పై నీడ పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి దెబ్బతినవచ్చు.