అమ్మాయి నాటకాల్లోకి వెళ్తానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది విజయనగరం. రైల్వే ఉద్యోగం వల్ల ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాం. అమ్మాయి కోల్‌కతాలో బీఏ ఇంగ్లిష్ ఫైనలియర్. స్వాతిలేఖ సేన్‌గుప్తాలా రంగస్థల నటిని అవుతానంటోంది. ఆవిడ సత్యజిత్ రాయ్ సినిమాలో హీరోయిన్‌గా చేసి కూడా ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఖాళీగా ఉన్నారట కదా? డ్రామాలో పీజీ మేలా, ముంబయిలో మూడు నెలల యాక్టింగ్ కోర్సు మేలా? – ఒక తండ్రి

జవాబు: ఖాళీగా ఉన్నారని మీకెవరు చెప్పారండీ? 1984లో రాయ్ తీసిన 'ఘరే బాయిరే'లో బిమల పాత్ర వేసిన ఆవిడ మళ్లీ 2015లో 'బేలా శేషే'తో తెరమీదికి వచ్చిన మాట నిజమే. ఆ మధ్య కాలమంతా స్టేజీ మీదే ఉన్నారు. అలహాబాద్‌లో నాటకాలు మొదలుపెట్టి, కోల్‌కతా వచ్చి, 1978లో నాందీకార్ అనే నాటక బృందంలో చేరారు. నటించారు, దర్శకత్వం చేశారు, నాటకాలకు సంగీతం కూర్చారు. 'షాను రాయ్‌చౌధురి'లో అయితే నాటకమంతా ఒక్కరే నడిపించారు. 2011లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 2021లో, 71 ఏళ్ల వయసులో పోయేదాకా ఆవిడ నాందీకార్ మనిషే. సినిమా లేకపోతే బతుకే లేదనుకుంటే ఇదంతా మీకు కనపడదు.

మూడు నెలల కోర్సుల మీద నాకు మొదటినుంచీ అనుమానమే. ఫీజు లక్షల్లో ఉంటుంది. కెమెరా ముందు నిలబడటం, నాలుగు డైలాగులు, ఫొటోల పోర్ట్‌ఫోలియో, చివర్లో ఒక సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ చూసి వేషమిచ్చిన దర్శకుణ్ని నేనింతవరకూ చూడలేదు. ఆఖరి వరసలో కూర్చున్నవాళ్లకి కూడా గుసగుస వినపడేలా మాట్లాడటం మూడు నెలల్లో వచ్చే విద్య కాదు. బృందంలో కొత్తగా చేరినవాళ్లు ముందు రిహార్సల్ గది ఊడుస్తారు, సామాన్లు మోస్తారు, తెర పక్కన నిలబడి మాటలు అందిస్తారు. వేషం తర్వాతెప్పుడో వస్తుంది.

పీజీ సంగతి. కోల్‌కతాలో రవీంద్రభారతి యూనివర్సిటీ, మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. రెండూ మంచివే, ముందుముందు పాఠాలు చెప్పుకునే దారీ ఉంటుంది. అమ్మాయికి బెంగాలీ బాగా వస్తే రవీంద్రభారతికే నా ఓటు.

డబ్బు గురించి దాచను. గ్రూప్ థియేటర్‌లో, అంటే నాందీకార్ లాంటి నాటక బృందాల్లో, జీతం ఉండదనే అనుకోండి. అక్కడ చాలామంది పగలు బడిలోనో బ్యాంకులోనో పనిచేసి సాయంత్రం రిహార్సల్‌కి వస్తారు. మీ అమ్మాయీ అలా చేయొచ్చు. ఇంగ్లిష్ చదివిన పిల్ల, టీచర్ ఉద్యోగం దొరక్కపోదు.

అయితే మీ అసలు టెన్షన్ జీతం కాదు. 'నాటకాలాడే పిల్ల'కి సంబంధాలు రావని కదూ? కోపం తెచ్చుకోకండి, ఇంత కష్టపడి చదివే పిల్లని ఇంకా రాని పెళ్లివారి కళ్లతో చూడటం అన్యాయం. ఇన్నేళ్లు బెంగాల్లో ఉండి ఒక్క నాటకమైనా చూశారా? కోల్‌కతా పక్కనున్న హౌరా మీకు లోకల్ ట్రైన్ దూరమే. ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ వెళ్లి, అమ్మాయితో కలిసి కోల్‌కతాలోని అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ హాల్లో ఏ నాటకముంటే అది చూడండి. తను చేరాలనుకునే బృందంలో పెద్దవాళ్లతో మాట్లాడండి. రిహార్సల్ ఎన్నింటికి అయిపోతుంది, రాత్రి హాస్టల్‌కి తోడెవరు వస్తారు, అన్నీ అడగండి. ముంబయి కోర్సుకి మాత్రం అడ్వాన్స్ కట్టకండి.