జీతం మీది, ఏటీఎం కార్డు ఆయన దగ్గర: సిప్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, నెలకి 58 వేలు చేతికొస్తుంది. పెళ్లయినప్పటి నుంచీ కార్డు, ఫోన్‌పే అన్నీ మావారి దగ్గరే. ఆటోకి, టిఫిన్‌కి ఇచ్చి సాయంత్రం లెక్క అడుగుతారు. పోయినేడు నా పేరు మీద 6 లక్షల పర్సనల్ లోన్ తీసి మా మరిదికి ఇచ్చారు, ఓటీపీ నేనే చెప్పాను. బంగారం అత్తయ్య లాకర్లో ఉంది. ఇప్పుడు ఫ్లాట్ లోన్‌కి కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టమంటున్నారు. ఆయనకి తెలియకుండా నెలకి 3 వేలు సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టడం) వేయాలని ఉంది. ఏ ఫండ్ మంచిది?

జవాబు: మిమ్మల్ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాకే ఇది రాస్తున్నానమ్మా, ఎందుకంటే ఇలాంటివి భర్తలూ చదువుతారు.

ఫండ్ పేరు చెప్పడం రెండు నిమిషాల పని. కానీ ఇప్పుడున్న పరిస్థితిలో ఆ సిప్ దాగదు. మీ పాన్ మీద కొన్న ఫండ్లన్నీ ఒకే స్టేట్‌మెంట్‌గా ఈమెయిల్‌కి వస్తాయి, మెసేజ్‌లు రిజిస్టర్ చేసిన నంబర్‌కి పోతాయి, మీ ఐటీ రిటర్న్ ఆయనో ఆయనకి తెలిసిన ఆడిటరో వేస్తుంటే ఏఐఎస్‌లో (మీ పాన్ మీద జరిగిన లావాదేవీలను ఆదాయపు పన్ను శాఖ చూపించే పట్టికలో) ఫండ్ కొన్న సంగతీ, కొత్త ఖాతాలో పడిన వడ్డీ కూడా కనిపించొచ్చు. తెలిశాక ఇంట్లో ఏం జరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

చాలా ఇళ్లలో జీతం కార్డు భర్త దగ్గరే ఉంటుంది, కొందరు ఇష్టపడే ఇస్తారు, అందులో నాకేం పేచీ లేదు. 'నా కార్డు నాకివ్వు' అని అడగడానికి భయపడుతున్నారంటే మాత్రం అది వేరే విషయం. 2005 గృహ హింస చట్టంలో దీనికి పేరే ఉంది, ఆర్థిక హింస. మీకు హక్కున్న డబ్బు మీకు అందకుండా చేయడం, స్త్రీధనాన్ని, అంటే పెళ్లిలోనూ ఆ తర్వాతా మీకంటూ ఇచ్చిన నగలు, డబ్బు, వస్తువులను, మీకు తెలియకుండా అమ్మేయడం, అన్నీ అందులోకే వస్తాయి. చెయ్యి చేసుకుంటేనే కేసు అనుకునేవాళ్లు మనలో ఇంకా చాలామంది ఉన్నారు.

ముందు ఫోన్ చూడండి. ఆధార్‌కి ఏ నంబర్ లింకయి ఉంది? అది ఆయన చేతిలో ఉంటే పీఎఫ్ కూడా ఆయన చేతిలో ఉన్నట్టే, ఎందుకంటే ఆ క్లెయిమ్‌కి ఓటీపీ అక్కడికే వెళ్తుంది, డబ్బు యూఏఎన్‌కి (మీ పీఎఫ్ నంబర్‌కి) కలిపిన ఖాతాలో, అంటే మీ విషయంలో బహుశా ఆ జీతం ఖాతాలోనే పడుతుంది. ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేస్తే నంబర్ మారుతుంది. తర్వాత ఎవరికీ తెలియని కొత్త ఈమెయిల్, ఆఫీసు కంప్యూటర్లోనో మీరు నమ్మే స్నేహితురాలి ఫోన్లోనో తెరవండి. ఆపైనే వేరే బ్యాంకులో ఖాతా, పాస్‌బుక్ అమ్మగారింటికి చేరేలా. జీతం మొత్తం ఒక్కసారిగా అటు మళ్లిస్తే ఆ నెలే గొడవ మొదలవుతుంది, కాబట్టి ఇల్లు వదిలే ఆలోచన ఉంటే ఆ పని చివర్లో పెట్టుకోండి. అప్పటిదాకా బోనస్, రీయింబర్స్‌మెంట్ లాంటివి విడిగా వేయడం కుదురుతుందా అని హెచ్ఆర్‌ని అడిగి చూడండి.

ఆ 6 లక్షల సంగతి కటువుగానే చెప్పాలి. ఓటీపీ మీరే ఇచ్చారు కాబట్టి బ్యాంకు దృష్టిలో అప్పు మీదే, ఈఎంఐ తప్పితే సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీరుస్తున్నారో చూపే మార్కు) పాడయ్యేదీ మీదే. అయితే ఆ డబ్బు మీ ఖాతాలోంచి మరిది ఖాతాలోకి వెళ్లిన స్టేట్‌మెంట్ ఉంటుంది కదా, దాన్ని ఇవాళే డౌన్‌లోడ్ చేసి కొత్త మెయిల్‌కి పంపుకోండి. కోర్టులో నష్టపరిహారం అడిగే రోజు వస్తే అదే సాక్ష్యం. మీకు తెలియకుండా ఇంకేమైనా తీశారేమో కూడా చూడాలి, ఏడాదికోసారి క్రెడిట్ రిపోర్ట్ ఉచితం.

ఫ్లాట్ సంతకం వద్దు. కో-అప్లికెంట్ అంటే సగం బాకీ అనుకుంటారు చాలామంది. ఆయన కట్టకపోతే బ్యాంకు మొత్తం మీ దగ్గరే వసూలు చేయొచ్చు, రేపు విడాకులైనా బ్యాంకుకి అది పట్టదు. 'ఇప్పటికే పర్సనల్ లోన్ ఉంది, అది తీరాక చూద్దాం' అనండి, అందులో అబద్ధం కూడా లేదు. కాదంటే కొడతాడన్న భయం ఉంటే మాత్రం మొండికేయకండి, సంతకం కంటే మీ ప్రాణం ముఖ్యం. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, ప్రమాదం మీదికొస్తే అత్యవసర నంబర్ 112.

బంగారం అత్తయ్య లాకర్లో ఉన్నంత మాత్రాన అత్తయ్యది అయిపోదు. స్త్రీధనం పూర్తిగా భార్యదేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. పెళ్లి ఫొటోల్లో ఒంటి మీదున్న నగలు, పుట్టింటివాళ్ల దగ్గరున్న బిల్లులు చూసి ఒక జాబితా రాసుకోండి. ఆ నగలు తిరిగివ్వమని, లాకర్ ముట్టుకోవద్దని మేజిస్ట్రేట్ ఆదేశించగలరు.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లాయరు ఉచితం, నంబర్ 15100. గృహ హింస చట్టం కింద మేజిస్ట్రేట్‌కి పెట్టిన దరఖాస్తు 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని ఆ చట్టంలో రాసుంది గానీ దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోకండి, మధ్యంతర ఉత్తర్వులు (కేసు తేలేలోపే ఇచ్చే తాత్కాలిక ఆదేశాలు) మొదట్లోనే అడగమని లాయరుకి చెప్పండి. ఒకటి మర్చిపోయేవాణ్ని: పీఎఫ్‌లో కుటుంబం అన్న లెక్కలోంచి భర్తను తీసేయమని పెళ్లయిన ఉద్యోగిని పీఎఫ్ కమిషనర్‌కి రాతపూర్వకంగా చెప్పొచ్చు, విడాకుల దాకా ఆగక్కర్లేదు. అది అయ్యాక నామినేషన్ పిల్లల పేరునో, మీ మీద ఆధారపడిన అమ్మానాన్నల పేరునో మార్చుకోండి.